హ్యాండిల్ గొట్టం మీది తుప్పు గీతలు

ఎర్ర గ్రీజు డబ్బా, కిరసనాయిలు పోసిన సొట్టల అల్యూమినియం గిన్నె, బేరింగు గోలీలు జారి దుమ్ములో కలిసిపోకుండా పరిచిన గోనెపట్టా, రెండు నోళ్ల పానాలు, అరిగిన బ్రేకు రబ్బర్ల కుప్ప, పంక్చరు సొల్యూషను ట్యూబు, ఇవన్నీ ఏ సైకిల్ షాపులోనైనా ఉండేవే. మస్తూరీలో బిలాస్‌పూర్ వెళ్లే రోడ్డు పక్కన వేపచెట్టు కింద కూర్చునే మిస్త్రీ దగ్గర వీటితోపాటు అరచేతిలో పట్టేంత కొయ్యదిమ్మ ఒకటి ఉండేది. ఇన్నేళ్ల తర్వాత ఆయన ముఖంకన్నా ముందు అదే నాకు గుర్తొస్తుంది. హ్యాండిల్ ఎత్తు మార్చాలని ఎవరైనా వస్తే, గొట్టం నడినెత్తిన ఉండే బోల్టును నాలుగు చుట్లు వదులు చేసి, దాని మీద ఆ దిమ్మ పెట్టి, సుత్తితో ఒక్క పోటు వేసేవాడు. బోల్టు కింద, కంటికి కనపడకుండా, గొట్టం చీలికలోకి దూరి బిగుసుకుని ఉన్న ఇనుప కోను కిందికి దిగేది. అంతవరకు ఎడ్లు లాగినా కదలని హ్యాండిల్ ఒక్కసారిగా చేతికొచ్చేది. అక్కడినుంచి పైకి లాగడమా, కిందికి దించడమా అన్నది సైకిల్ ఎక్కే మనిషి చెప్పాల్సిన మాట. ఆయన బోల్టు మీద చెయ్యి వేసి, ఆ మాట కోసం తలెత్తి చూసేవాడు.

మేముండేది జైరామ్‌నగర్ స్టేషను దగ్గర రైల్వే క్వార్టర్లలో, నాన్న కీమేన్. చేతిలో సుత్తి, భుజాన పానా, ఎర్రజెండా, పచ్చజెండా చుట్టి పెట్టుకున్న సంచి, రోజూ తన వాటా లైను పొడవునా నడిచి పట్టాల్ని పట్టి ఉంచే తాళాల్లో వదులైనవాటిని కొట్టి బిగించడం ఆయన పని. టెక్కలి వైపు నుంచి ఛత్తీస్‌గఢ్ దాకా ఎలా వచ్చామని చిన్నప్పుడు అడిగితే రైలెక్కి వచ్చామనేవాడు, అందులో అబద్ధం లేదు. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా బెంగాల్ వరకూ పాకి, ఇంకోవైపు సముద్రతీరం వెంట వాల్తేరు దాకా దిగింది. 1931లో విజయనగరం, పార్వతీపురం మీదుగా రాయపూర్‌కు లైను పూర్తయింది. కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పనిలేని కుర్రాడికి మద్రాసుకన్నా బిలాస్‌పూరే దగ్గర. అలా వచ్చినవాళ్లు బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు వీధులు కట్టుకున్నారు, పిల్లల కోసం ఆంధ్ర సమాజం బడి పెట్టుకున్నారు, బారా ఖోలీలో సోలాపురి మాత పూజ మొదలుపెట్టుకున్నారు. మాలాగా ఊరవతల చిన్న స్టేషన్లలో పడ్డవాళ్లకు మాత్రం సరుకులైనా, సంతైనా, సైకిల్ రిపేరైనా మస్తూరీయే.

నాన్న సైకిల్ నల్ల అట్లాస్. 24 అంగుళాల ఫ్రేము, రాడ్ బ్రేకులు, వానకు తడిసి ఎండకు బిగిసిన తోలు సీటు, వెనక రెండు బియ్యం బస్తాలు మోసే కేరియరు, 28 బై ఒకటిన్నర చక్రాలు. ఆ చక్రం రిమ్ము కొలత 635 మిల్లీమీటర్లని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఈనాడు కొండల్లో తొక్కే సైకిళ్లకు పెద్ద చక్రమని చెప్పుకునే 29 అంగుళాలది 622. నాన్న సైకిల్ రిమ్మే పెద్దదన్నమాట. ఆ విషయం తెలిసిన రోజున నాన్నకు చెప్పాలనిపించింది, చెప్పడానికి ఆయన లేడు.

ఏడాదికోసారి విశ్వకర్మ పూజ ముందు, సెప్టెంబరు 17కి ఇంకా రెండు మూడు రోజులున్నాయనగా, సైకిల్ మిస్త్రీ దగ్గరికి వెళ్లేది. రైల్వేవాళ్లకు అది పనిముట్ల పండగ, నాన్న సుత్తి, పానా కడిగి పసుపు కుంకుమ పెట్టేవాడు. మళ్లీ దసరాకు అమ్మ అదే పని మన పద్ధతిలో ఇంకోసారి చేయించేది, కాబట్టి మా ఇంట్లో ఇనుముకు రెండుసార్లు పూజ. వానాకాలం చివర అంటే మట్టిరోడ్ల బురదంతా సైకిల్ మెడలోకి చేరి ఉండే సమయం. మిస్త్రీ ముందు బ్రేకు రాడ్లు విప్పేవాడు, హ్యాండిల్ ఊడదీసి గోనెపట్టా మీద పడుకోబెట్టేవాడు, లాక్‌నట్టు తిప్పేవాడు, దాని కింద పళ్లున్న వాషరు, దాని కింద పై కోను, ఒక్కొక్కటే వచ్చేవి, ఆఖరికి చిమ్టా, అదే ముందు ఫోర్కు, మెడగొట్టంలోంచి కిందికి జారేది, దాంతోపాటు 5/32 అంగుళం గోలీలు నల్లబడ్డ గ్రీజు ముద్దతో సహా గోనెపట్టా మీద రాలేవి. కిరసనాయిల్లో కడిగిన గోలీల్ని వేళ్ల మధ్య దొర్లించి చూసి, మాసిపోయినవాటిని పక్కన పడేసి, గిన్నెల్లాంటి ఆ కప్పుల్ని గుడ్డతో తుడిచి ఎండకు ఎత్తి పట్టుకునేవాడు. పై కప్పుకు ఎప్పుడూ ఏమీ అయ్యేది కాదు. కింది కప్పులో మాత్రం, రోడ్డు కొట్టిన దెబ్బలన్నీ ముందు చక్రం గుండా వచ్చి తగిలేది అక్కడే కాబట్టి, గోలీ ఒక్కోటి కూర్చున్న చోట ఒక్కో గుంట పడేది. కొత్త కప్పు కొనే డబ్బులు లేనివాళ్లకు మిస్త్రీ చిమ్టా మీది కోనును కాస్త తిప్పి మళ్లీ కొట్టేవాడు, గుంటలకు గుంటలు ఎదురుపడకుండా. గ్రీజు పూసి, గోలీలు గుండ్రంగా పేర్చి, చివర ఒక గోలీ పట్టేంత చోటు ఖాళీగా వదిలేవాడు. ఖాళీ లేకపోతే ఒకదాన్నొకటి రాసుకుని అరుగుతాయని నాకు చెప్పింది ఆయనే. ఇప్పపూల కాలం కాకపోయినా ఆ వేపచెట్టు కింద ఎప్పుడూ పులిసిన తీపి వాసన ఒకటి ఉండేది, దాని మీద కిరసనాయిలు, దాని మీద తునికాకు బీడీ పొగ.

కప్పులు, కోన్లు, గోలీలు బిగించడం పూర్తయ్యాకే హ్యాండిల్ సంగతి. ఆ పాత ఏర్పాటులో నాకిప్పుడు కూడా నచ్చేదేమిటంటే ఆ రెండు పనులకూ సంబంధం లేదు. గోలీల్ని పట్టి ఉంచేది ఫోర్కు గొట్టం మీది మరలకు బిగించిన నట్లు, హ్యాండిల్ ఆ గొట్టం లోపలికి దిగి తన పాటికి తాను కోను బిగింపుతో నిలబడుతుంది. హ్యాండిల్ ఎంత పైకి లాగినా, ఎంత కిందికి నొక్కినా, గోలీలకు ఆ కబురు చేరదు. రాడ్ బ్రేకులు కాబట్టి నిలువు రాడ్డు స్క్రూ వదిలి దాని పొడవు మళ్లీ సరిచూసుకోవాలి, అంతే. మిస్త్రీ నాన్నను సైకిల్ పక్కన నిలబెట్టి, మోచేయి చూసి, సీటు చూసి, బస్తా ఎంత ఉంటుందో అడిగి, హ్యాండిల్‌ను సీటుకన్నా నాలుగు వేళ్లు పైన బిగించేవాడు. పగలంతా వంగి తాళాలు కొట్టిన నడుముకు సైకిల్ మీద కూడా వంగాల్సిన పని లేకుండా.

అన్నయ్యకు మీసాలొచ్చాక సైకిల్ అతనిదయింది. కాలేజీకి బిలాస్‌పూర్ వెళ్లే కుర్రాడికి నిటారుగా కూర్చుని తొక్కడం అవమానం. హ్యాండిల్ గొట్టమంతా లోపలికి దిగగొట్టించి, లాక్‌నట్టుకు ఆనించి, ఎదురుగాలికి తల వంచి తొక్కేవాడు. ఆదివారం నాన్నకు సంతకు సైకిల్ కావాల్సి వస్తే దాన్ని మళ్లీ పైకి లాగాలి. ఇంట్లో కొయ్యదిమ్మ బదులు అమ్మ పాత చీపురు మోడు, మిస్త్రీ సుత్తి బదులు నాన్న లైను సుత్తి. ఆ సుత్తి మరీ బరువైనది, దెబ్బ ఎక్కువైతే కోను అడుగుకి పోయి పడుతుందని నాన్న దాన్ని మెడ దగ్గర పట్టుకుని మెల్లగా తట్టేవాడు. అన్నయ్య ఉద్యోగానికి భిలాయి వెళ్లాక సైకిల్ నాకొచ్చింది, నేను వాళ్లిద్దరికీ మధ్యస్థంగా బిగించుకున్నాను. ఒకే చోట చాలా కాలం నిలిచిన హ్యాండిల్ గొట్టం మీద, లాక్‌నట్టు అంచున నీళ్లు నిలిచిన చోట, నికెలు పూత లేచి సన్నని తుప్పు గీత గుండ్రంగా పడుతుంది. మా అట్లాస్ గొట్టం మీద అలాంటివి మూడు ఉండేవి. పైన అన్నయ్యది, మధ్యలో నాది, అన్నిటికన్నా కింద, గొట్టం ఎక్కువగా బయటికి లాగినప్పటిది, నాన్నది.

అక్క గీత దాని మీద లేదు. ఆ సంగతి వదిలేసి ఈ కథ చెప్పడం న్యాయం కాదు. అడ్డగొట్టం ఉన్న మగాళ్ల సైకిల్, ఇరవై కిలోల పైచిలుకు బరువు, ఎవరైనా చూస్తారన్న భయం, అన్నీ కలిసి అక్క మస్తూరీ బడికి నడిచే వెళ్లింది, తర్వాత నడవడం కూడా మానిపించారు. అడ్డగొట్టం కింద కాలు దూర్చి తొక్కడం ఆమె నాకంటే ముందే నేర్చుకుంది, క్వార్టర్ల వెనక, మధ్యాహ్నం మగవాళ్లు లేని వేళ. ఎవరికి కావాలంటే వాళ్ల ఎత్తుకు మారే హ్యాండిల్ అని నేను ఇంత ఇష్టంగా చెప్పే ఆ వస్తువు, ఇంట్లో సగంమందికి మారాల్సిన అవసరమే రాకుండా గడిపింది. మిస్త్రీ దగ్గర కిరసనాయిల్లో గోలీలు కడిగే కుర్రాడికి పదేళ్లుంటాయేమో, చేతుల మీద చర్మం పగిలి తెల్లగా పొరలు లేచేది, వాడిని బడి గురించి ఎవరూ అడిగినట్టు నాకు జ్ఞాపకం లేదు.

వస్తువుగా చూసినా అది గొప్పదేమీ కాదు. కింది కప్పులో గుంటలు పడ్డాక గోలీలు ఆ గుంటల్లోనే కూర్చోవడానికి అలవాటుపడతాయి, హ్యాండిల్ నిటారుగా ఉన్న చోట టక్కుమని ఆగుతుంది, ఇసుకలో, బురదలో, చక్రం కాస్త పక్కకు తిప్పాల్సిన చోట సైకిల్ మాట వినదు. లాక్‌నట్టు వదులైతే గుంతగుంతకూ ముందువైపు టకటకా కొట్టుకుంటుంది. ఒక వానాకాలం బిగించి వదిలేస్తే గొట్టం లోపల గొట్టం తుప్పుపట్టి అతుక్కుంటుంది, అప్పుడు కిరసనాయిలు, సుత్తి, బూతులు, ఏవీ పనిచేయవు. అన్నిటికన్నా ప్రమాదం, ఎంతవరకు పైకి లాగొచ్చో గొట్టం మీద గీత గీసి ఉంటుంది, దాన్ని దాటి లాగితే లోపల మిగిలింది రెండంగుళాలే, ఒక పెద్ద గుంతలో పడ్డప్పుడు హ్యాండిల్ చేతిలోకి ఊడొస్తుంది. అలా పళ్లూడినవాళ్లు మస్తూరీ సంతలో కనిపించేవాళ్లు.

తొంభైలలో మా వైపు హీరో రేంజర్ వచ్చింది, హెర్క్యులస్ వాళ్ల ఎమ్‌టీబీ వచ్చింది. 26 అంగుళాల లావుపాటి టైర్లు, అడ్డంగా తిన్నగా ఉండే హ్యాండిల్ బారు, రాడ్ల బదులు వైరు బ్రేకులు, ఎర్రవో పసుపువో మెరిసే రంగులు. జైరామ్‌నగర్ స్టేషను మాస్టరుగారి అబ్బాయి తొక్కుకుంటూ వస్తే మేమంతా కొండల్లో తిరిగే సైకిల్ అని నమ్మాం, మా చుట్టుపక్కల కొండ లేదు, మల్హార్ వైపు వెళ్తే పొలం గట్లు, ఎర్రమొరం, పాతాళేశ్వర్ గుడి దగ్గర తవ్వకాల దిబ్బలు, అంతే. పైన అంత మారినా మెడలో ఏమీ మారలేదు. అవే కప్పులు, అవే గోలీలు, లోపలికి దిగే అదే గొట్టం, కొయ్యదిమ్మ, ఒక పోటు. రాడ్లు లేవు కాబట్టి ఎత్తు మార్చడం ఇంకా తేలికయింది. మిస్త్రీ ఆ కొత్త సైకిల్‌ను తిప్పి చూసి తనకు తెలియనిదేమీ లేదని తేల్చుకున్నాడు, అప్పటికది నిజమే.

అవతల అమెరికాలో ఈ సైకిళ్ల అసలు కథ కూడా పాత బరువైన సైకిళ్లతోనే మొదలైందని తెలుసుకున్నప్పుడు ఏదో బంధుత్వం అనిపించింది. కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ కుర్రాళ్లు 1930ల, 40ల నాటి లావు టైర్ల సైకిళ్లను పాత సామాన్ల కొట్లలో ఏరి, టమల్‌పైస్ కొండ చుట్టుపక్కల మట్టిదారుల్లో కిందికి వదిలేవాళ్లు. 1976లో వాళ్లు మొదలుపెట్టిన పోటీకి రీప్యాక్ అని పేరు, ఒక్కసారి దిగేసరికి వెనక హబ్బు బ్రేకులో గ్రీజంతా కాలి పొగైపోయి, మళ్లీ కొత్త గ్రీజు దట్టించాల్సి వచ్చేదట. 1977లో జో బ్రీజ్ ఆ పనికే ప్రత్యేకంగా ఫ్రేము కట్టాడు. 1989లో రాక్‌షాక్స్ వాళ్ల ఆర్‌ఎస్-1 వచ్చింది, ముందు ఫోర్కులో రెండంగుళాల లోపు కదలిక, గుంత వస్తే ముడుచుకుని మళ్లీ సాగేది. అంతవరకు అంగుళం లావుండే ఫోర్కు గొట్టం అంగుళం పై ఎనిమిదో వంతు అయింది, చాలా ఏళ్ల తర్వాత కింద ఒకటిన్నర అంగుళం, పైకి వచ్చేసరికి సన్నబడే గొట్టం అయింది. బరువంతా కింది కప్పు మీదే పడుతుందని మస్తూరీ గోనెపట్టా మీద కనపడిందే ఈ మార్పులకూ కారణం.

మెడను అసలు మార్చింది ఇంకొకటి. గొట్టం మీద మరలే లేకుండా చేస్తే ఎలా ఉంటుందని జాన్ రేడర్ అనే ఆయన ఆలోచించాడు, ఆ పేటెంటు 1992లో వచ్చింది, డయాకాంపే కంపెనీ దాన్ని ఎహెడ్‌సెట్ పేరుతో అమ్మింది. అందులో ఫోర్కు గొట్టం నున్నగా మెడలోంచి పైకి పొడుచుకుని వస్తుంది. దాని మీద బేరింగు మూత, మూత మీద రింగులు, రింగుల మీద హ్యాండిల్‌ను పట్టుకునే స్టెమ్, అది గొట్టాన్ని లోపలినుంచి కాక బయటినుంచి కౌగిలించుకుంటుంది. నెత్తిన ఒక టోపీ, దాని బోల్టు బిగిస్తే ఈ వరసంతా కిందికి నొక్కుకుని బేరింగులో ఆట పోతుంది. ఆ తర్వాత స్టెమ్ పక్కబోల్టులు బిగిస్తే అంతా నిలబడుతుంది. తేలిక, గట్టి, తుప్పుపట్టి అతుక్కునే గొట్టం లేదు, గీత దాటి లాగి పళ్లూడగొట్టుకునే ప్రమాదం లేదు, పెద్ద పానాలు రెండు పట్టుకుని కుస్తీ పట్టాల్సిన పని లేదు. కొండ దిగేవాడికి అది నిజంగా మేలు, నేను కాదనను. కాకపోతే అంతవరకు వేర్వేరుగా ఉన్న రెండు పనుల్నీ అది ఒక్కటి చేసింది. బేరింగును బిగించి ఉంచేది ఇప్పుడు స్టెమ్మే, కాబట్టి ఎత్తు మార్చాలంటే టోపీ విప్పి, స్టెమ్ ఊడదీసి, రింగులు కిందికో పైకో మార్చి, మళ్లీ బేరింగు బిగింపు సరిచూడాలి. ఎత్తు ఎంతవరకు పోతుందన్నది ఫోర్కు గొట్టం ఎంత పొడుగు మిగిలి ఉందో దాని చేతిలో ఉంది. ఆ గొట్టాన్ని షాపువాడు సైకిల్ అమ్మే రోజునే, చూడ్డానికి బాగుండాలని, రంపంతో కోసేస్తాడు. కోసింది మళ్లీ పెరగదు.

మా అమ్మాయి బిలాస్‌పూర్‌లో ఉద్యోగంలో చేరాక కొండ సైకిల్ కొనుక్కుంది. ఆదివారాలు స్నేహితులతో రతన్‌పూర్ దాటి ఖూటాఘాట్ జలాశయం వైపో, ఇటు మస్తూరీ మీదుగా మల్హార్‌కో తొక్కుతుంది, అక్క కోసం ఎవరూ ఆలోచించని దూరాలు. చిన్న సైజు ఫ్రేమే తీసుకుంది, అయినా హ్యాండిల్ ఆమెకు ఎత్తు, ముందు చక్రం మీద బరువు పడక మలుపుల్లో జారుతోందంది. ఎందుకో తెలుసుకోవాలని నేను ఆ సైకిల్ ముందు కూర్చుని కింది నుంచి లెక్కేసుకుంటూ వచ్చాను. 26 అంగుళాల చక్రం రిమ్ము 559 మిల్లీమీటర్లు, దీనిది 622, అంటే ఇరుసు దగ్గరే మూడు సెంటీమీటర్ల పైన లేచింది. ఇరుసు నుంచి మెడ కిందివరకు కదలిక లేని పాత ఫోర్కు నలభై సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉండేది, పదిహేను సెంటీమీటర్లు కదిలే ఇప్పటి ఫోర్కు యాభై అయిదు దాకా ఉంటుంది. కింద అంత ఎత్తు పెరిగాక పైన ఎక్కడో తగ్గించకపోతే హ్యాండిల్ గడ్డానికి తగులుతుంది. అందుకని కంపెనీలు మెడగొట్టాన్ని పొట్టి చేస్తూ వచ్చాయి, అదీ చాలక కప్పుల్ని మింగేశాయి. మా అట్లాస్ మెడకు పైనా కిందా బయటికి పొడుచుకుని, నికెలు పూతతో మెరుస్తూ ఉండే ఆ రెండు కప్పులు ఇప్పుడు మెడగొట్టం లోపలే కూర్చుంటాయి, పైన 44 మిల్లీమీటర్ల రంధ్రం, కింద 56, బయటికి ఏమీ కనపడదు. ఇంకొన్ని ఫ్రేముల్లో కప్పే ఉండదు, బేరింగు నేరుగా ఫ్రేములో చెక్కిన గూట్లో పడుతుంది. పాత పద్ధతిలో పై కప్పు, కింది కప్పు, నట్లు కలిసి మూడు సెంటీమీటర్లకు పైగా తినేవి, ఆ మూడు సెంటీమీటర్లే వాళ్లు తిరిగి రాబట్టుకున్నది.

ఈ లెక్కలో పై కప్పూ కింది కప్పూ ఒకటి కావు. పైన బేరింగు మూత మందం తగ్గినా పెరిగినా హ్యాండిల్ ఎత్తు ఒక్కటే మారుతుంది, సైకిల్ నిలబడే తీరుకు ఏమీ కాదు. కంపెనీలు ఫ్రేము ఎత్తును పెడళ్ల ఇరుసు నుంచి మెడగొట్టం పై అంచు వరకే కొలిచి రాస్తాయి, ఆ మూతను లెక్కలోకి తీసుకోవు, కాబట్టి కాగితం మీద ఒకే ఎత్తున్న రెండు సైకిళ్లలో ఒకదానికి అయిదు మిల్లీమీటర్ల మూత, రెండోదానికి పదిహేను మిల్లీమీటర్ల మూత ఉంటే చేతులకు తెలుస్తుంది, కాగితానికి తెలియదు. కింద మాత్రం అలా కాదు. లోపలి కప్పు తీసి పన్నెండు మిల్లీమీటర్లు బయటికి ఉండే కప్పు వేస్తే సైకిల్ ముందువైపు మొత్తం లేస్తుంది, మెడ దాదాపు అర డిగ్రీ వెనక్కి వాలుతుంది, సీటూ దాంతోపాటే వాలుతుంది, పెడళ్లు కూడా కాస్త పైకొస్తాయి. రింగులు మార్చినా నిట్టనిలువుగా ఏమీ లేవదు, మెడ అరవై అయిదు డిగ్రీల్లో వాలి ఉంటుంది కాబట్టి స్టెమ్ కింద పది మిల్లీమీటర్ల రింగు వేస్తే హ్యాండిల్ తొమ్మిది పైకి, నాలుగు వెనక్కి వస్తుంది. మా పాత సైకిల్‌కు ఇదంతా వర్తించేదే, మిస్త్రీ మోచేయి చూసి చేసింది ఈ లెక్కే. చెయ్యి ముందుకు చాచాల్సి వస్తోందని ఎవరైనా అంటే ఆయన హ్యాండిల్‌ను పైకి లాగేవాడు, వెనక్కి కూడా వస్తుందని తెలిసే.

కొత్త వాటిల్లో ఇంకోటి వచ్చింది, బ్రేకు గొట్టాలు, గేరు వైర్లు హ్యాండిల్ దగ్గర నుంచి మెడ మూతలోంచే లోపలికి దూరిపోతాయి. చూడ్డానికి నున్నగా ఉంటుంది. పై బేరింగులోకి వాన నీళ్లు పోయి కరకరమంటే, దాన్ని మార్చడానికి బ్రేకు నూనె గొట్టం ఊడదీయాలి, మళ్లీ గాలి తీసి నూనె నింపాలి. అన్నయ్య కొడుకు సైకిల్ అలాంటిది. ఆరడుగుల మనిషి, ముందొకాయన వాడి అమ్మిన సైకిల్ కొన్నాడు, ఫోర్కు గొట్టం ఆయన ఎత్తుకు కోసి ఉంది. నడుం నొప్పి. ఎత్తు పెంచడానికి మెడలో దారి మూసుకుపోయింది కాబట్టి హ్యాండిల్ బారే మార్చాడు, నడుమ నుంచి రెండు వైపులా 60 మిల్లీమీటర్లు పైకి లేచే వంపు బారు. ఈమధ్య అలాంటి ఎత్తు బార్లు కుర్రాళ్లంతా వేసుకుంటున్నారు. కప్పుల్ని మింగి, మెడల్ని పొట్టి చేసి, గొట్టాల్ని కోసి దించిన ఎత్తును ఇప్పుడు బారు కొని పైకి తెచ్చుకుంటున్నారు, కొత్త ఖర్చుతో.

మస్తూరీ వేపచెట్టు రోడ్డు వెడల్పులో పోయింది. మిస్త్రీ అంతకుముందే పోయాడు. సరస్వతీ సైకిల్ పథకం కింద ప్రభుత్వమిచ్చిన సైకిళ్ల మీద తొమ్మిదో తరగతి ఆడపిల్లలు గుంపులుగా ఆ రోడ్డు మీద బడికి పోతుంటే చూస్తాను, అడ్డగొట్టం లేని ఫ్రేములు, ముందు బుట్టలు. వాటి మెడల్లో ఇంకా పాత పద్ధతే, లోపలికి దిగే గొట్టం, పైన బోల్టు. ఒక్కో అమ్మాయికి ఒక్కో సైకిల్. పొట్టి అమ్మాయీ పొడుగు అమ్మాయీ పక్కపక్కన వెళ్తుంటే హ్యాండిళ్లన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి, ఇచ్చిన రోజున ఎలా ఉన్నాయో అలాగే. ఒకే సైకిల్ ముగ్గురిది కావడమే మాకు హ్యాండిల్ మార్చే అవసరం తెచ్చిపెట్టింది, ఎవరిది వారికి ఉన్నప్పుడు ఆ అవసరం ఎవరికీ గుర్తు రాదు. అక్కకు ఇలాంటిదొకటి ఇచ్చి ఉంటే హ్యాండిల్ ఏ ఎత్తులో ఉన్నా తొక్కేదే.

మా అమ్మాయి సైకిల్‌కు షాపులో పదిహేను మిల్లీమీటర్ల మూత తీసి సన్నది వేశారు, స్టెమ్‌ను తిరగేసి కిందికి వంగేలా బిగించారు, దాని కింద ఉన్న రింగులన్నీ తీసి స్టెమ్ పైన పేర్చారు. హ్యాండిల్ ఆమెకు అందింది. పైన మిగిలిన గొట్టం కోసేస్తే శుభ్రంగా ఉంటుందని, స్టెమ్ మీద రింగుల గోపురం పెట్టుకుని ఎవరూ తిరగరని షాపు కుర్రాడు నచ్చజెప్పాడు. రంపం కూడా తీశాడు. ఆమె నా వైపు చూసింది. నేను అట్లాస్ గొట్టం గురించి చెప్పబోయి, కుర్రాడు తొందరలో ఉన్నాడని ఊరుకున్నాను. "కోయొద్దు, మా తమ్ముడు ఇంకా పెరుగుతాడు," అంది తనే. స్నేహితులు నవ్వినా రెండేళ్లు అలాగే తొక్కింది. ఆమె రాయపూర్‌కు మారాక సైకిల్ ఇంట్లోనే ఉండిపోయింది, వాడు ఇంటర్‌లో ఉన్నాడు, నాకన్నా నాలుగు వేళ్లు పొడుగు. పోయిన నెల వరండాలో ఆలెన్ కీ పట్టుకుని కూర్చుని, పది మిల్లీమీటర్ల రింగులు రెండు పైనుంచి తీసి స్టెమ్ కింద వేసుకున్నాడు, టోపీ బిగించాడు, ముందు బ్రేకు నొక్కి సైకిల్‌ను ముందుకూ వెనక్కీ ఊపి ఆట లేదని చూసుకుని, మల్హార్ వైపు వెళ్లాడు.